నేటి రాజధాని నుంచి నిన్నటి రాజధానికి: బీదరు ఒకరోజు యాత్ర

హైదరాబాదు నుంచి బీదరుకు రోడ్డు మార్గాన సుమారు 145 కిలోమీటర్లు. పటాన్‌చెరువు, సంగారెడ్డి, సదాశివపేట దాటి జహీరాబాదు వరకు పోయి, అక్కడ ఉత్తరానికి తిరిగితే మరో అరగంట, ముప్పావుగంట ప్రయాణం. ఫజర్ నమాజు ముగించుకొని బయలుదేరినవారు రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. అందువల్లనే విద్యాసంస్థలూ, మిత్రబృందాలూ, కుటుంబాలూ బస్సు మాట్లాడుకొని ఒక్క రోజులో బీదరు చూసివచ్చే ఆనవాయితీ చాలాకాలంగా ఉన్నది. అటువంటి బృందం వెంట చరిత్ర వివరించే గైడు ఒకరు ఉంటారు. బస్సులోనే ఉంటారు, లేదా కోట ద్వారం దగ్గర కలుసుకుంటారు.

ఈ ఒకరోజు యాత్రలో ఏమి చూడాలి, ఏ వరుసలో చూడాలి, గైడు మాటను ఎంతవరకు ప్రమాణంగా తీసుకోవాలి అనే మూడు విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మూడవ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, నిజానికి అదే ముఖ్యమైనది. ఆరు గంటలలో ఆరు వందల ఏళ్ళు చూసివచ్చిన మనిషి తరువాత జీవితమంతా ఆ ఊరి గురించి చెప్పేది ఆనాడు విన్న నాలుగు వాక్యాలే. ఆ నాలుగు వాక్యాలు సరైనవి కాకపోతే, ఒక జాతి గురించి, ఒక రాజు గురించి, కొన్నిసార్లు పొరుగువాడి గురించి కూడా తప్పు అభిప్రాయం ఇంటికి వస్తుంది.

తర్జుమాను

గైడు అంటే ఎవరు? అరబీలో ‘తర్జుమాన్’ అనే మాట ఉన్నది. ఒకరి మాటను మరొకరికి వారి భాషలో అందించేవాడని అర్థం. మన తెలుగులో వాడుకలో ఉన్న ‘తర్జుమా’ ఆ కుదురునుంచి వచ్చినదే. ఉస్మానీ రాజ్యంలో విదేశీయులకు దారి చూపి, మాట వివరించే ఉద్యోగిని పడమటి దేశాలవారు పిలిచిన ‘డ్రాగొమన్’ అనే పేరు కూడా ఈ తర్జుమానే. మన కోస్తా రేవులలో ఇదే పని చేసినవారిని దుబాసీలు అన్నారు. అంటే దారి చూపేవాడూ, మాట మార్చి చెప్పేవాడూ ఒకప్పుడు ఒకే మనిషి.

అనువాద వృత్తిలో ఉన్నవారికి ఒక సంగతి బాగా తెలుసు. మూలంలో లేని మాట చేర్చడం ఎంత దోషమో, ఉన్న మాట వదిలివేయడం కూడా అంతే దోషం. గైడు చేసేది రాతికట్టడాన్ని మాటలలోకి అనువదించడం. మూలం శిలాశాసనాలలో, ఫారసీ తవారీఖులలో ఉంటుంది. శ్రోత తెలుగువాడు. మధ్యలో కాలం ఇరవై నిమిషాలే. ఈ పరిస్థితిలో మూలం కొంత జారిపోవడం సహజం. దానికి గైడునే నిందించి లాభం లేదు. సొరంగం ఎక్కడికి పోతుంది, నిధి ఎక్కడ ఉంది, రాణిగారు ఎక్కడనుంచి దూకారు అని అడిగేది మనమే గదా! అడిగేవాడి కోరికను బట్టి చెప్పేవాడి కథ పెరుగుతుంది.

ఏ వరుసలో చూడాలి

బస్సు డ్రైవరుకు దగ్గరి దారి ప్రకారం వరుస ఉంటుంది. చరిత్ర తెలుసుకోగోరే వారికి కాలం ప్రకారం వరుస మేలు. ఊరు చిన్నది కనుక అందుకు అదనంగా పట్టే సమయం అరగంటకు మించదు.

మొదట కోట. దక్కనులో 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యానికి తొలి రాజధాని గుల్బర్గా. 1422 నుంచి 1436 వరకు పాలించిన అహమద్‌షా వలీ రాజధానిని బీదరుకు మార్చాడు. ఎర్రని లేటరైటు రాతి మీద, ఆ రాతితోనే కట్టిన కోట ఇది. ఒక పక్కన కందకాన్ని మూడు వరుసలుగా రాతిలోనే తొలిచారు. కోటలోని ‘సోలా ఖంబా’ మసీదు శాసనాన్నిబట్టి హిజ్రీ 827, అనగా క్రీ.శ. 1423-24 నాటిది. దానిలో స్తంభాలు పదహారుకంటే చాలా ఎక్కువ. నడుమ కనిపించే పదహారింటిని బట్టి జనం పెట్టిన పేరు అది. పేరు విని స్తంభాలు లెక్కపెట్టబోయి పిల్లలు తికమకపడతారు కనుక ముందే చెప్పడం మంచిది. రంగీన్ మహలులోని కొయ్యచెక్కడం, నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్ప పని బరీద్‌షాహీల కాలానివి. లోపలిభాగం చూడటానికి పురావస్తు శాఖ సిబ్బందిని అడగవలసి ఉంటుంది.

రెండవది అష్టూరు. ఊరికి తూర్పున మూడు నాలుగు కిలోమీటర్ల దూరాన బహమనీ సుల్తానుల సమాధులు ఉన్నాయి. దారిలో ‘చౌఖండీ’ వస్తుంది. కిర్మాను వాసియైన సూఫీ షా నిమతుల్లా వలీ కుమారుడు షా ఖలీలుల్లా సమాధి అది. ఎనిమిది పలకల ఆ కట్టడాన్ని చూడకుండా దాటిపోరాదు.

మూడవది మహమూద్ గవాన్ మద్రసా. 1472 నాటికి పూర్తయినది. నాలుగవది ఊరికి పడమట ఉన్న బరీద్‌షాహీల తోట. అక్కడి అలీ బరీద్ సమాధి 1577 నాటిది. నాలుగు వైపులా తెరచి ఉన్న ఆ కట్టడంలో గాలి, వెలుగు ధారాళంగా ఆడతాయి. సాయంకాలం కూర్చోవడానికి అనువైన చోటు. చివరికి బిదరీ పనివారి వీధి. ఈ వరుసలో నడిస్తే ఒక రాజ్యం లేవడం, ఎదగడం, చీలిపోవడం కళ్ళ ముందే జరిగినట్టు ఉంటుంది.

హైదరాబాదువారికి ఇంకొక సంగతి కూడా అవగాహనకు వస్తుంది. గోలకొండ రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ మొదట బీదరు దర్బారులో కొలువు చేసినవాడే. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసిన కుతుబ్‌షాహీల మూలం ఈ ఊళ్ళోనే ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు బీదరు హైదరాబాదు రాజ్యంలో జిల్లాయే. నేడు కర్ణాటకలో ఉన్నప్పటికీ అక్కడి బజారులో కన్నడం, ఉర్దూ, మరాఠీలతోపాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

మూడు వాక్యాలు, వాటి పరిశీలన

గైడుల నోట తరచు వినవచ్చే మూడు వాక్యాలను తీసుకొని, వాటి వెనుక ఏమున్నదో చూద్దాం.

మొదటిది: “మద్రసా పిడుగు పడి కూలింది.” ముందు భాగంలో ఉండిన రెండు మీనారులలో ఒకటే మిగిలింది. ప్రవేశ ద్వారం, దక్షిణ భాగంలో కొంత లేదు. ఈ నాశనం 1696లో జరిగినది. యువరాజుగా ఉన్న ఔరంగజేబు 1657లో బీదరును జయించిన తరువాత ఊరు మొగలుల చేతికి వచ్చింది. మద్రసా గదులలో మందుగుండు నిలువచేశారు. అది పేలింది. నిప్పు పిడుగువల్ల అంటుకున్నదని చెప్పేవారున్నారు. కావచ్చు. అయితే పిడుగు పడటం దైవాధీనం. గ్రంథాలు ఉండవలసిన గదిలో తుపాకిమందు ఉండటం మాత్రం మనుషుల నిర్ణయం. ‘పిడుగు’ అనే ఒక్కమాటతో ముగిస్తే ఆ నిర్ణయం శ్రోతకు కనపడకుండా పోతుంది. నిజంగా పిడుగు చీల్చినట్టు కానవచ్చేది అష్టూరులోని హుమాయూన్ సమాధి. దాని గుమ్మటం సగానికి పగిలి, లోపలి గోడ మందమెంతో చూపుతూ నిలిచి ఉన్నది. రెండు కథలూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వింత కాదు.

రెండవది: “ఆ హుమాయూన్ పరమ క్రూరుడు. అందుకే సమాధి పగిలింది.” బహమనీ హుమాయూన్ 1458 నుంచి 1461 వరకు మూడేళ్ళు పాలించాడు. అతని క్రూరత్వం గురించి ఎక్కువగా చెప్పినవాడు చరిత్రకారుడు ఫిరిష్తా. ఆయన రాసినది 17వ శతాబ్దం తొలి సంవత్సరాలలో, అంటే సుమారు 150 ఏళ్ళ తరువాత. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యులుగా పనిచేసిన హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీల చరిత్ర రాస్తూ, ఈ చిత్రణను యథాతథంగా స్వీకరించలేదు. ఆనాటి దర్బారు కక్షలను, హుమాయూన్ తన మంత్రిగా మహమూద్ గవానును ఎంచుకున్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఆయన పద్ధతి. హుమాయూన్ మంచివాడని తీర్పు ఇవ్వడం ఇక్కడ మన పని కాదు. పగిలిన గుమ్మటాన్ని పాపానికి సాక్ష్యంగా చూపడం చరిత్ర కాదని మాత్రం చెప్పవచ్చు. అదే తోటలో పిడుగు తాకని సమాధులలో ఉన్నవారందరూ పుణ్యాత్ములని దీని అర్థం కాదు గదా!

మూడవది: “ఇది ముసల్మాను రాజుల శ్మశానం.” అహమద్‌షా వలీ సమాధి లోపల గోడల మీద, గుమ్మటం లోపలి వైపున ఉన్న రంగుల అలంకరణ, బంగారు అక్షరాలు ఇప్పటికీ కొంత నిలిచి ఉన్నాయి. ఆయన ఉరుసు జరిగేది హిందూ పంచాంగాన్ని అనుసరించి. లింగాయతులలో ఆయనను అల్లమ ప్రభువు అవతారంగా భావించేవారున్నారు. ఉరుసులో ముందు నడిచేవారిలో ఒక జంగమయ్య ఉంటారు. ఇది ఎవరో ఇటీవల ఏర్పాటు చేసిన ఐక్యతా సభ కాదు. తరతరాలుగా వస్తున్న వాడుక. ధర్మశాస్త్ర దృష్టితో దీనిని ఎలా చూడాలన్నది వేరే చర్చ. ఉన్నదానిని ఉన్నట్టు చెప్పకుండా దాటవేయడం మాత్రం వదిలివేతే, పైన చెప్పిన అనువాద దోషమే.

మద్రసా గోడల మధ్య

ఈ యాత్రలో మన పాఠకులు ఎక్కువసేపు నిలువవలసిన చోటు మద్రసా. పొడవు సుమారు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు. మూడంతస్తులు. నడుమ విశాలమైన ప్రాంగణం, నాలుగువైపులా పెద్ద కమానులు. ఇది ఇరానీ పద్ధతి. ఖురాసానులోని ఖర్గిర్ద్ మద్రసాను (1444) చూసినవారు ఇక్కడికి వస్తే పోలిక వెంటనే గుర్తిస్తారు. మసీదు, గ్రంథాలయం, తరగతి గదులు, విద్యార్థుల గదులు, ఉపాధ్యాయుల నివాసాలు ఒకే కట్టడంలో ఇమిడి ఉన్నాయి. గ్రంథాలయంలో 3000 చేతివ్రాత గ్రంథాలు ఉండేవని ప్రతీతి. ముందు గోడమీద నీలం, పసుపు, తెలుపు రంగుల కాశీపలకలు, ఖురాను ఆయతుల లిపి ఇంకా కొంత కానవస్తాయి.

కట్టడం పూర్తయిన సంవత్సరాన్ని తెలిపే ‘తారీఖు’ ఒకటి ఉన్నది. మద్రసాలలో చదివినవారికి ‘అబ్జద్’ లెక్క విదితమే. తెలియనివారికోసం రెండు మాటలు. అరబీ అక్షరాలకు అలిఫ్ 1, బే 2 మొదలుకొని గైన్ 1000 వరకు విలువలు ఉన్నాయి. ఒక వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వచ్చేలా మాటలు ఎన్నుకోవడం ఒక విద్య. ఈ మద్రసాకోసం ఎన్నుకున్నవి బఖరా సూరా 127వ ఆయతులో, కాబా పునాదులు లేపుతూ హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) చేసిన దుఆలోని మూడు మాటలు. తమ శ్రమను స్వీకరించమని ప్రభువును వేడుకునే మాటలవి. మొదటి మాట విలువ 253, రెండవది 532, మూడవది 91. మొత్తం 876. హిజ్రీ 876 అంటే క్రీ.శ. 1471-72. బస్సులోని పిల్లల చేత కాగితం మీద ఈ కూడిక చేయించి చూడండి. గంటసేపు ఉపన్యాసంలో అందని సంగతి ఐదు నిమిషాలలో అందుతుంది. కట్టినవారి మనస్సులో ఏమున్నదో, లెక్క ఎంత శ్రద్ధగా కుదిర్చారో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

కట్టించినవాడు ఖ్వాజా మహమూద్ గవాన్. ఇరానులోని గీలాను ప్రాంతంనుంచి వర్తకుడిగా 1453లో దాభోలు రేవులో దిగి, బీదరు చేరి, సుల్తానుల కొలువులో పనిచేసి ప్రధానమంత్రి అయ్యాడు. లేఖారచనలో దిట్ట. ఆయన లేఖల సంపుటి ‘రియాజుల్ ఇన్షా’ నేటికీ లభ్యం. ఆయన కాలంలోనే రష్యానుంచి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు బీదరు వచ్చాడు. అతని యాత్రాకథనంలో సుల్తాను ఊరేగింపుల వైభవం ఉన్నది. ప్రభువర్గం భోగాలలో ఉంటే పల్లె జనం దరిద్రంలో ఉన్నారన్న మాట కూడా ఉన్నది. గైడులు మొదటిది చెప్పి రెండవది వదిలివేస్తుంటారు. వైభవాన్ని మెచ్చుకునేవారు దానికి పన్ను కట్టినవారిని కూడా తలచుకోవడం న్యాయం.

ఒక ముద్ర, ఒక ప్రాణం

గవాన్ అంతం ఎలా జరిగిందన్నది ఈ యాత్రకు కేంద్రమైన పాఠం. ఆనాటి దర్బారులో రెండు పక్షాలు. బయటి దేశాలనుంచి వచ్చినవారు ‘ఆఫాఖీలు’, అనగా దిగంతాలనుంచి వచ్చినవారు. ఇక్కడ పుట్టి పెరిగినవారు ‘దక్కనీలు’. గవాన్ ఉభయులకూ పదవులు సమంగా పంచడానికి ప్రయత్నించాడు. పెద్ద సుబాలను విడగొట్టి, సుబేదార్ల అధికారాన్ని తగ్గించాడు. అధికారం తగ్గినవారికి కోపం పెరిగింది.

ఫిరిష్తా చెప్పిన ప్రకారం, విరోధులు గవాన్ ముద్ర ఉంచుకునే సేవకుణ్ణి మచ్చిక చేసుకొని, మత్తులో ఉన్నప్పుడు ఖాళీ కాగితం మీద ఆ ముద్ర వేయించారు. దానిమీద ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని ఆహ్వానించే లేఖ రాసి సుల్తాను మూడవ మహమ్మద్‌షాకు చూపారు. సుల్తాను గవానును పిలిపించి అడిగాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నది ఆయన సమాధానం. విచారణ లేదు, సాక్షి లేడు. డెబ్భై ఏళ్ళ మంత్రి తల అక్కడే తెగింది. అది హిజ్రీ 886 సఫర్ 5, క్రీ.శ. 1481 ఏప్రిల్ 5. తరువాత ఆయన ఆస్తి లెక్కచూస్తే పెద్దగా ఏమీ లేదు. సుల్తాను పశ్చాత్తాపపడ్డాడు. ఏడాది తిరగకుండానే అతడూ మరణించాడు. అనంతరం సుబేదార్లు ఒకరి తరువాత ఒకరు స్వతంత్రులై అహమదునగరు, బీజాపురు, బేరారు, గోలకొండ రాజ్యాలు ఏర్పడ్డాయి. బీదరు బరీద్‌షాహీలకు మిగిలింది.

వార్త తెచ్చినవాడు ఎవరో, అది నిజమో కాదో విచారించిన తరువాతే చర్యకు పూనుకోవాలన్నది ఖురాను ఆదేశం. చదువుకున్నవారు నిండిన దర్బారులో, మద్రసా కట్టించిన మనిషి విషయంలోనే ఆ ఆదేశం అమలు కాలేదు. ముద్ర అసలైనదే. లేఖ మాత్రం కల్పితం. అసలైన ముద్ర కింద అబద్ధం ఎంత సులభంగా ఇముడుతుందో ఇది చూపుతుంది. అసలైన కట్టడం ముందు నిలబడి చెప్పిన కథ కూడా అంతే. రాయి నిజమైనంత మాత్రాన కథ నిజం కాదు.

ఆ వీధిలో ఆగండి

తిరుగు ప్రయాణానికి ముందు బిదరీ పనివారి దగ్గర అరగంట గడపాలి. జస్తాలో కొంచెం రాగి కలిపి పోతపోసి, దానిమీద గీతలు చెక్కి, వెండి తీగనూ రేకునూ పొదుగుతారు. చివరకు కోటలోని పాతమట్టిని నవాసారంతో కలిపి మరిగించిన నీటితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. 2006లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో బీదరు కళాకారులు షా రషీద్ అహమద్ ఖాద్రీ పద్మశ్రీ అందుకున్నారు. కమీషను ఇచ్చే దుకాణానికే బస్సు నడిపించడం యాత్రలలో మామూలు. కనుక కొనదలచినవారు వస్తువు ఎవరు చేశారో అడిగి, వీలైతే పనివాని చేతినుంచే కొనడం మంచిది.

గైడును అడగవలసినవి

మర్యాదగా, నేర్చుకునే మనసుతో నాలుగు ప్రశ్నలు అడిగితే మంచి గైడు సంతోషిస్తాడు. ఈ సంగతి శాసనంలో ఉన్నదా, పుస్తకంలో ఉన్నదా, జనం అనుకునేదా? రాసినవాడు ఆ కాలంవాడా, ఎన్నేళ్ళ తరువాతివాడా? దీనికి వ్యతిరేకంగా చెప్పినవారున్నారా? ఇప్పుడు దీనిని చూసుకుంటున్నవారెవరు? జనశ్రుతి అని తేలితే దానిని పారవేయనక్కరలేదు. జనశ్రుతిగానే గుర్తుంచుకుంటే చాలు. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు సంచాలకులైన గులాం యజ్దానీ 1947లో ప్రచురించిన బీదరు గ్రంథం పెద్ద గ్రంథాలయాలలో దొరుకుతుంది. బృందంలో ఒక్కరు ముందుగా దానిని చూసివచ్చినా తక్కిన నలభై మందికి మేలు. గైడుకు ఇవ్వవలసిన సొమ్ము ముందే మాట్లాడుకొని పూర్తిగా ఇవ్వాలి. దుకాణం కమీషను మీద బతకవలసిన అవసరం లేని గైడు కథలు అల్లవలసిన అవసరం కూడా తగ్గుతుంది.

మన ముంగిటి చరిత్ర

చివరగా మా వినగడప, తిరువూరు ప్రాంతపు పాఠకులకు ఒక మాట. మహమూద్ గవాన్ ప్రాణం పోయినది బీదరులో కాదు. సుల్తాను తీరాంధ్ర దండయాత్రలో ఉండగా, కొండపల్లి విడిదిలో. తిరువూరునుంచి మైలవరం మీదుగా విజయవాడ పోయే బస్సు ఆ కొండ పక్కనుంచే పోతుంది. రెడ్డిరాజులు, గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఒకరి తరువాత ఒకరు ఏలిన కోట అది. తెల్లపొణికి కొయ్య బొమ్మలకోసం అక్కడ దిగేవారు ఎందరో. బీదరు మద్రసా కట్టించిన మనిషి చివరి సమాధానం చెప్పినది ఆ కొండ నీడలోనే అని ఎరిగినవారు కొద్దిమంది. ఆయన దేహాన్ని ఇక్కడనుంచి బీదరుకు తరలించి, ఊరి దగ్గర గోర్నళ్ళిలో ఖననం చేశారు.

కనుక బీదరు వెళ్ళగలిగినవారు గోర్నళ్ళి కూడా చూసి, అక్కడ ఫాతిహా చదివి రావాలి. అంత దూరం పోలేనివారు ఒక సెలవునాడు పిల్లలను కొండపల్లి ఎక్కించి ఈ సంగతి చెప్పవచ్చు. అక్కడ మనకు గైడు దొరకకపోతే ఆ పని మనమే చేయవలసి ఉంటుంది. అప్పుడు మన మాటకు కూడా పై నాలుగు ప్రశ్నలూ వర్తిస్తాయి.